మంచి కళ్ళు, ఉచితంగా

నేను ఏ కాలేజీలోనూ కంప్యూటర్లు చదవలేదు. చదివిందంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. ఈ మాట ఎవరడిగినా చెబుతాను, అడగకపోయినా చెబుతాను. కోళ్ళ పెంపకం మీద పుస్తకంతో మొదలుపెట్టి, గ్రహాలు, ఇంటి వైద్యం, నిఘంటువు రెండు సంపుటాలూ పూర్తిచేసి, చివరికి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దగ్గరికి వచ్చాను. వెబ్‌సైట్లు ఎలా తయారుచేయాలన్నది దాని విషయం. అది వ్యవసాయం అరలో, పురుగుమందుల పుస్తకాల పక్కన ఉండేది. అట్ట మీద సాలెగూడు బొమ్మ చూసి ఎవరో అక్కడ పెట్టి ఉంటారు. ఆ పుస్తకం ఆఖరి అధ్యాయాన్ని చెదలు తినేశాయి. విషయసూచికలో దాని పేరొక్కటే మిగిలింది: ‘ప్రచురించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు’.

కాబట్టి జాగ్రత్తలు తప్ప మిగతావన్నీ నేర్చుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో లైబ్రరీ పక్క గదిలో మూడు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. మిర్చి సీజనులో కీబోర్డుల సందుల్లో ఎర్రటి కారం చేరేది. యార్డు నుంచి తిన్నగా వచ్చి కూర్చునేవారు మరి. కీబోర్డు తిరగేసి దులిపిన ప్రతిసారీ గదిలో ఉన్న అందరం వరసగా తుమ్మేవాళ్ళం.

పరీక్షా ఫలితాలు చూపించగా మిగిలిన సమయంలో మూడు సైట్లు నడిపేవాణ్ణి. ఒకటి మా ఊరిది. రెండోది చుట్టుపక్కల జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలది. మూడోది చర్చిది. ఎడ్ల సైటుకు జనం ఎగబడేవారు. ఊరి సైటుకు ఎక్కువగా నేనే వెళ్ళేవాణ్ణి. సైట్లలో ఇంగ్లీషు మాటలు ఉండకూడదని నా పట్టుదల. ‘హోమ్ పేజీ’ని ‘ఇంటి పుట’ అని రాశాను. ఎడ్ల సైటు చూసిన ఒక రైతు సెంటరుకొచ్చి, “ఎవరింటిదబ్బాయ్ ఇది? గిత్తలు వాళ్ళయ్యేనా?” అని అడిగాడు.

సైటులో ఏదైనా ముఖ్యమైనది పెడితే దాన్ని కాగితం మీద అచ్చుతీసి బస్టాండులో, యార్డు గేటు దగ్గర, టీకొట్టు గోడ మీద అంటించేవాణ్ణి. మా ఊళ్ళో ఇంటర్నెట్‌ను గోడల మీదే ఎక్కువమంది చదివారు.

ఈ సైట్లన్నిటికీ అచ్చుతప్పులు దిద్దేది మా లైబ్రేరియన్ గారు. నాకు సభ్యత్వం లేని రోజుల్లో కూడా పుస్తకాలు ఇంటికి పంపించిన మనిషి. నేను టైపు చేస్తుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. నాకు గట్టిగా చదువుతూ టైపు చేయడం అలవాటు. అయ్యాక ఆయన తెరవైపు ముఖం పెట్టి, అంతా ఒకసారి చదివి, “ఊఁ, పంపించు” అనేవారు. ఆ ఊఁ పడితేనే సైటులోకి ఎక్కించేవాణ్ణి.

అయితే ఒక ఏడాదిగా నాకు అనుమానంగా ఉంది. పుస్తకం ఇవ్వమంటే పేరు చూడకుండా అట్ట తడిమి ఇస్తున్నారు. ఒకాయన వంటల పుస్తకం అడిగితే, వాసన చూసి, “ఇదే, పదకొండో పేజీలో పులుసు మరక ఉంటుంది” అని ఇచ్చారు. రిజిస్టరులో సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించమంటున్నారు.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

“సార్, ఒకసారి ఒంగోలు వెళ్ళి కళ్ళు చూపించుకుంటే?”

“నా కళ్ళకేంరా? నిక్షేపంలా ఉన్నాయి.”

“మరి మొన్న పేపరు తలకిందులుగా పట్టుకున్నారే?”

“తలకిందులు వార్తలున్నప్పుడు అలాగే పట్టుకోవాలి.”

ఎవరూ వినడంలేదని నిర్ధారించుకుని, మెల్లగా అన్నారు. “ఒరేయ్, చూపు ఆనని లైబ్రేరియన్ని ఉద్యోగంలో ఎవరుంచుతారు? ఒంగోలు ఆసుపత్రిలో మా ఆఫీసువాళ్ళెవరైనా కనపడ్డారనుకో, సాయంత్రానికి జిల్లా అంతా తెలుస్తుంది. ఆ డాక్టర్లేదో ఇక్కడికే వస్తే అప్పుడు చూద్దాంలే.”

డాక్టర్లు మా ఊరికి రారన్న ధైర్యంతో అన్న మాట అది. నేను మాత్రం దాన్ని పట్టుకుని చర్చికి వెళ్ళాను.

పాస్టరు గారిని ఊరంతా అయ్యగారు అనే పిలుస్తారు. కల్లు, సారా మానమని ఇరవై ఏళ్ళుగా చెబుతున్న మనిషి. నేను చెప్పింది విని ఒంగోలులో ఒక కంటి ఆసుపత్రికి ఫోన్లు చేశారు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో శిబిరం, పొరలున్నవాళ్ళను ఆ సాయంత్రమే బస్సులో తీసుకెళ్ళి ఆపరేషను చేసి, మూడోరోజు తెచ్చి దింపడం. ఒక్కటే షరతు. కనీసం యాభైమంది చూపించుకోవాలి. తగ్గితే బస్సు ఎవరినీ ఎక్కించుకోకుండా వెనక్కి పోతుంది. అంతకుముందు ఇంకో ఊళ్ళో శిబిరం పెడితే పదకొండు మందే వచ్చారట.

“యాభై మందిని నువ్వు తెప్పించాలి బాబూ,” అని అయ్యగారు తన చేత్తో రాసిన ప్రకటన నాకిచ్చారు. ‘ఉచిత నేత్ర వైద్య శిబిరము’ అని మొదలైంది.

నేత్రమేమిటి? నాకు నచ్చలేదు. జనానికి జనం మాటల్లోనే చెప్పాలని లైబ్రరీలో ఒక వ్యాసాల పుస్తకంలో చదివి ఉన్నాను. పొలంలో ఉన్న మనిషి ‘అబ్బా, నా నేత్రం’ అంటాడా? నా కంప్యూటరు ముందు కూర్చుని అయ్యగారి ప్రకటన మొత్తం తిరగరాశాను.

‘ఉచితంగా మంచి కళ్ళు! ఈ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో. మంచి కళ్ళు కావాలనుకునే ప్రతి ఒక్కరూ రావచ్చు. కులమత భేదం లేదు. పరగడుపున వస్తే మరీ మంచిది. బడి పిల్లలను కూడా తీసుకురండి. కళ్ళు మరీ ఇబ్బందిపెట్టినవారిని బస్సులో జిల్లా కేంద్రంలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళి, రెండు రోజులుంచుకుని, క్షేమంగా ఇంటి దగ్గర దింపుతారు.’

ఆ రోజుల్లో తెలుగు టైపు చేయడమంటే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఒక ప్రోగ్రాములో వేయడం. అది తెలుగు చేసి ఇచ్చేది. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. అంతకు నెల ముందే లైబ్రేరియన్ గారు నాకు క్లాసు పీకారు. “ళ పలకడం మన వైపువాళ్ళకు ఇంకా మిగిలుందిరా. నువ్వు దాన్ని పోగొట్టకు.” అప్పటినుంచి జంట ఎల్ కనపడితే చాలు, భక్తితో రెండూ పెద్దవే కొడుతున్నాను. దాంతో ఈ ప్రకటనలో పిల్లలు కాస్తా ‘పిళ్ళలు’ అయ్యారు. జిల్లా ‘జిళ్ళా’ అయింది.

ఒక్కొక్కటీ దిద్దుకుంటూ కూర్చోవడం చదువుకున్నవాడి లక్షణం కాదు. సాలెగూడు పుస్తకం నాలుగో అధ్యాయంలో ‘అన్నిచోట్లా ఒకేసారి మార్చు’ అనే ఆజ్ఞ ఉంది. జంటగా ఉన్న పెద్ద ఎల్‌లన్నిటినీ చిన్న ఎల్‌లుగా మార్చమని చెప్పాను. ఒక్క నొక్కు. పిళ్ళలు పిల్లలయ్యారు. జిళ్ళా జిల్లా అయింది. ఎంత హాయిగా అనిపించిందంటే, ఇంక మిగతాది చూడలేదు. చూడడానికి లైబ్రేరియన్ గారు ఉన్నారు కదా.

ఆయన తెరవైపు తిరిగి, మొదటి మాట నుంచి చివరి మాటదాకా తడుముకోకుండా చదివారు.

“ఊఁ. పంపించు,” అన్నారు. “నేత్రం తీసేసి మంచిపని చేశావు.”

అంత చకచకా చదివారంటే చూపు నేననుకున్నంత పాడవలేదేమో అని కూడా అనుకున్నాను. సైటులో పెట్టాను. నలభై కాపీలు తీసి ఊరంతా అంటించాను.

స్పందన అద్భుతం. సైటులో చూడవచ్చినవాళ్ళు రాసే పుస్తకం ఒకటి పెట్టాను, ‘అతిథుల పుస్తకం’ అని. అందులో అంతకుముందు ఎడ్ల గురించి తిట్లు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు పొదిలి నుంచి ఒకాయన, ‘మేం పద్నాలుగు మందిమి ట్రాక్టరు మాట్లాడుకున్నాం, సరిపోతుందా?’ అని రాశాడు. వేటపాలెం నుంచి ఇంకొకాయన, ‘జీడిపప్పు మేం తెస్తాం’ అన్నాడు. రోగులకు పంచడానికి కాబోలనుకుని, ‘మీ సేవాభావానికి జోహార్లు’ అని జవాబిచ్చాను. టీకొట్టు దగ్గర కనపడిన ప్రతివాడూ నా భుజం తట్టాడు. “ఊరికి మంచిపని చేస్తున్నావబ్బాయ్,” అన్నారు. ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, “ఆదివారం కచ్చితంగా ఉంటది గదా? మాట మార్చరు గదా?” అని అడిగాడు. ఆయన కళ్ళు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. జాలేసింది.

ఆదివారం చర్చి గేటు బయట రెండువందలమంది ఉన్నారు. చాలామంది చేతుల్లో చెంబులు. కొందరి దగ్గర అయిదు లీటర్ల డబ్బాలు. నేను చదివిన ఇంటి వైద్యం పుస్తకంలో రకరకాల పరీక్షల సంగతి ఉంది గనక, వీళ్ళు ముందుజాగ్రత్తగా సరంజామాతో వచ్చారని మెచ్చుకున్నాను. అయిదు లీటర్లెందుకో మాత్రం అర్థం కాలేదు.

ఆరాధన ముగించుకుని అయ్యగారు బయటికి వచ్చి ఆ జనాన్ని చూశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. మెట్ల మీద నిలబడి రెండు చేతులూ చాపారు. “ఎంత దాహంతో వచ్చారు మీరంతా!” అన్నారు.

“అవునయ్యగారూ,” అని రెండువందల గొంతులు.

ముందు వరసలో ఉన్న ఎర్రకళ్ళ పెద్దాయన చెంబు పైకెత్తాడు. “తాటిదా అయ్యగారూ, ఈతదా?”

“ఏమిటది?”

“తాటిదయితే ఇక్కడే తాగుతా. ఈతదయితే ఇంటికి పట్టుకుపోతా.”

అయ్యగారు నావైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. అంతలో జనాన్ని తోసుకుంటూ కల్లుకొట్టాయన వచ్చాడు. యార్డు వెనక ఆయన కొట్టు. చేతిలో నేను బస్టాండులో అంటించిన కాగితం.

“నేనేం ద్రోహం చేశానయ్యగారూ మీకు? ఇరవయ్యేళ్ళనించీ తాగొద్దు తాగొద్దని తిడుతున్నా పండక్కి మీ గుమ్మానికి తాటాకు పందిరేసింది నేనే గదా. చివరికి నా యాపారం మీరే పెట్టారా? అదీ ఊరికే పోస్తారా? పైగా బడిపిల్లల్ని తీసుకురమ్మంటారా? నేనే పిల్లలకి పొయ్యనే!”

అయ్యగారు కాగితం తీసుకుని చూశారు. పెదవులు కదిలాయి. ‘ఉచితంగా మంచి కల్లు! ఈ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో.’ చివరిదాకా చదివారు. కల్లు మరీ ఇబ్బందిపెట్టినవారిని బస్సులో తీసుకువెళ్ళి రెండు రోజులుంచుకుని దింపే దగ్గరికి వచ్చేసరికి ఆయన మెట్టు మీద కూర్చుండిపోయారు.

“దీన్ని ఎవరు దిద్దారు?” అన్నారు.

నేను నోరు తెరిచేలోపు వేపచెట్టు కింద కూర్చున్న లైబ్రేరియన్ గారు లేచి నిలబడ్డారు. “నేనే దిద్దాను. అందులో తప్పేముంది?”

“మీరే చదవండి. గట్టిగా.”

ఆయన కాగితం అందుకుని ముఖం దగ్గర పెట్టుకున్నారు. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. “ఉచితంగా మంచి కళ్ళు! ఈ ఆదివారం ఆరాధన అయ్యాక...” ళ ఎంత స్పష్టంగా పలికారంటే, చర్చి గోడకు తగిలి తిరిగొచ్చింది. మంచి కళ్ళు కావాలనుకునే ప్రతి ఒక్కరూ. కళ్ళు మరీ ఇబ్బందిపెట్టినవారిని. కాగితం మీద ఎక్కడా లేని ళలన్నీ ఆయన నోటి నుంచి వచ్చాయి.

“ఇంకోసారి చదవండి,” అన్నారు అయ్యగారు, ఈసారి మెల్లగా.

మళ్ళీ అంతే. పొల్లు పోలేదు.

నాకు అప్పుడు తెలిసింది. ఆయన ఏనాడూ తెర మీద చదవలేదు. నేను టైపు చేస్తూ గట్టిగా చదివేది విని, గుర్తుపెట్టుకుని, నాకే అప్పజెబుతున్నారు. ఏడాదిగా నా సైట్లకు అచ్చుతప్పులు దిద్దుతున్నది నా గొంతే.

జనంలో ఎవరూ నవ్వలేదు. వాళ్ళకు అర్థమైంది ఒక్కటే, కల్లు లేదని. చెంబులు కిందికి దిగాయి. పొదిలివాళ్ళు ట్రాక్టరు ఎక్కడం మొదలుపెట్టారు. వేటపాలెం ఆయన జీడిపప్పు సంచి మళ్ళీ ముడేశాడు. సరిగ్గా అప్పుడే ఒంగోలు ఆసుపత్రి బస్సు గేటులోకి వచ్చింది. డాక్టరమ్మ దిగి, వెళ్ళిపోతున్న జనాన్ని చూసి వాచీ చూసుకుంది.

“యాభైమంది ఉన్నారా అండీ? లేకపోతే మాకు ఇంకో ఊరుంది.”

గేటు దగ్గరికి పరిగెత్తాను. “ఆగండి, కల్లు కాదు, కళ్ళు!” అని అరిచాను. కంగారులో రెండూ ఒకేలా పలికాయి. ట్రాక్టరు మీదున్న మనిషి, “కల్లు కాదు కల్లంటాడేందిరా ఈడు?” అన్నాడు.

లైబ్రేరియన్ గారు ఇంకా ఆ కాగితం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. నేను దగ్గరికి వెళితే, అటే చూస్తూ అన్నారు. “ఇందులో ల ఉందట్రా?”

“ఉంది సార్. నావల్లే.”

“నాకు కాగితం తెల్లగా ఉందని మాత్రం తెలుస్తోందిరా.”

ఇది కల్లుకొట్టాయన విన్నాడు. ఆయన కూతురు ఇంటరు పాసయింది ఈ లైబ్రరీలో కూర్చునే. ఆయన ఒక్క క్షణం లైబ్రేరియన్ గారినీ, ఇంకో క్షణం గేటునూ చూశాడు. తర్వాత ట్రాక్టరుకు అడ్డంగా నిలబడి, తాటిచెట్టు పైనుంచి పిలిచినట్టు గొంతెత్తాడు.

“ఒరేయ్! ఎక్కడికి పోతారు? ఇయ్యాల చీటీ లేనోడికి నా కొట్లో చుక్క పొయ్యను!”

“ఏం చీటీ బాబాయ్?”

“ఇక్కడ కళ్ళు సూపిచ్చుకుంటే డాట్టరమ్మ రాసిస్తదే, ఆ చీటీ. అది తెచ్చినోడికే ఇయ్యాల కల్లు. తెచ్చినోడికి మొదటి ముంత ఊరికే.”

ట్రాక్టరు ఆగింది.

“పొదిలోళ్ళకి గూడానా?”

“పొదిలోళ్ళకి కళ్ళు లేవంట్రా? దిగండి!”

అయ్యగారు ఈ మాటలు తనకు వినపడకుండా చర్చిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. లోపల ఆయన కీర్తన కొంచెం ఎక్కువ గట్టిగానే పాడుకోవడం మాకు వినిపించింది.

గంటలో నూట ముప్పైమంది వరసలో ఉన్నారు. డాక్టరమ్మ తన సర్వీసులో ఇంత ఉత్సాహంగా కళ్ళు తెరిచిన జనాన్ని చూడలేదంది. చీటీ మీద ముద్ర పడిందో లేదో రెండుసార్లు చూసుకుని మరీ వెళ్ళారు. ఎర్రకళ్ళ పెద్దాయనకు ఏ జబ్బూ లేదు. “మరి ఈ ఎరుపు?” అని డాక్టరమ్మ అడిగితే, “అది మీరు తగ్గించేది కాదులేమ్మా,” అని చీటీ పట్టుకుపోయాడు.

లైబ్రేరియన్ గారిని వరసలో చివరికంటా నేనే పట్టుకుని నడిపించాను. అంతమందిలో ఎవరైనా చూస్తారన్న భయం అప్పటికి ఆయనకు పోయింది. చూడనివాళ్ళెవరూ మిగల్లేదు. డాక్టరమ్మ టార్చి వేసి చూసింది.

“రెండు కళ్ళలోనూ పొరలు ముదిరిపోయాయండీ. ఇన్నాళ్ళూ ఏం చేస్తుంటారు మీరు?”

“లైబ్రేరియన్నమ్మా.”

ఆమె టార్చి ఆర్పి ఆయన ముఖంలోకి చూసింది. “ఎలా చేశారు?” అంది. జవాబు కోసం ఆగకుండా చీటీ రాసింది. “ఒక కన్నుకు ఇప్పుడు, రెండోదానికి నెల తర్వాత. చూపు వస్తుంది. ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. బస్సెక్కండి,” అంది ఆమె.

ఆయన బస్సు కిటికీలోంచి నా వైపుగా, అంటే నాకు రెండడుగుల ఎడంగా చూస్తూ, “వంటల పుస్తకం ఎవరికీ ఇవ్వకురా, అది బైండింగుకు వెళ్ళాలి,” అన్నారు. బస్సు వెళ్ళిపోయింది.

మూడోరోజు తీసుకొచ్చి దింపారు. నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో కూర్చున్నారు. కట్టు తీసేటప్పుడు ఎలా ఉందో చెప్పలేదు. నేనడిగితే, “చూద్దాం” అన్నారు. ఇంకో పదిరోజులకు మధ్యాహ్నం పూట, ఎవరూ తోడు లేకుండా, నా సెంటరుకు నడిచి వచ్చారు. నల్లద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. స్టూలు కాదని నా కుర్చీలోనే కూర్చున్నారు.

“ఊరి సైటు తెరువు.”

తెరిచాను. తెరకేసి చూశారు. చూస్తూనే ఉన్నారు. మెల్లగా ముఖం రంగు మారింది. వేళ్ళతో కుర్చీ అంచు పట్టుకున్నారు.

“ఒరేయ్,” అన్నారు. “అక్షరాలు పక్కకు జారిపోతున్నాయిరా.”

“ఎక్కడ సార్?” అన్నాను.

“కింద ఒక మాట ఉంటోంది, పోతోంది. మళ్ళీ ఉంటోంది. ఆ మూల ఏదో గుండ్రంగా తిరుగుతోంది. తగ్గలేదురా. ఆపరేషను పాడయింది.”

తెర చూశాను. పైన ‘మా ఊరికి స్వాగతం’ అన్న అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెడుతున్నాయి. కింద ‘కొత్తది’ అన్న మాట మిణుకుమిణుకుమంటోంది. మూలలో భూగోళం గిరగిరా తిరుగుతోంది. పుస్తకం తొమ్మిదో అధ్యాయం చదివి మూడు వారాలు కష్టపడి చేసిన పనితనం. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఆయనా మెచ్చుకున్నారు, ఏడాది కిందట, నేను చెబితే విని.

“సార్, అది మీ కన్ను కాదు. నేనే అలా పెట్టాను.”

“నువ్వే పెట్టావా?”

“అవును సార్.”

“కావాలనే?”

“అలంకారం కోసం సార్.”

ఆయన నల్లద్దాలు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నారు.

“మనిషిని చంపేసేవాడివి గదరా! తీసెయ్ అవన్నీ.”

తీసేశాను. మూడు వారాల పని, మూడు నిమిషాలు పట్టింది. స్వాగతం ఆగింది. కొత్తది నిలిచింది. భూగోళం మాయమైంది.

“ఆఁ, ఇప్పుడు నిలబడింది,” అన్నారు. “జరుగు. వెలుతురుకు అడ్డం వస్తున్నావు. చదువుకోనీ.”